పాత యజమాని మాట కూడా సాక్ష్యమే

దుకాణంలోనో, బడిలోనో, కంపెనీలోనో పనిచేసిన యువకుడు మరోచోట ఉద్యోగానికి వెళతాడు. కొత్త యజమాని పాత యజమానికి ఫోన్ చేసి "ఇతనెలాంటివాడు?" అని అడుగుతాడు. ఒక ఇంట్లో పొయ్యి వెలగడం ఆ రెండు నిమిషాల జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. అయినా చాలామంది దాన్ని మామూలు మాటగానే తీసుకుంటారు. చెప్పాపెట్టకుండా మానేశాడన్న కోపంతో ఒకరు లేని నింద మోపుతారు. మన బంధువే కదా అని మరొకరు చేతివాటం ఉన్నవాణ్ణి నమ్మకస్తుడంటారు.

సోదరులారా! ఈ రెండూ అబద్ధ సాక్ష్యాలే. ద్వేషం వల్ల న్యాయం తప్పరాదని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 8వ ఆయత్‌లో, బంధుత్వం వల్ల కూడా తప్పరాదని నిసా సూరా 135వ ఆయత్‌లో ఆదేశించింది.

మరి కొందరు 'గీబత్ అవుతుంది, మనకెందుకు' అని నోరు మూసుకుంటారు. ఇదీ సరికాదు. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్ళి సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు, దైవప్రవక్త (స) ఆ ఇద్దరి లోపాలనూ ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. సలహా అడిగినవారికి నిజం చెప్పడం గీబత్ కాదని ఇమామ్ నవవీ కూడా రాశారు. అయితే అడిగినంత మేరకే, స్వయంగా తెలిసినదే చెప్పాలి. వినేవాడు కూడా విన్నదాన్ని విచారించుకోవాలి. అది హుజురాత్ సూరా 6వ ఆయత్ నేర్పిన పద్ధతి.

దేశ చట్టమూ దాదాపు ఇదే చెబుతోంది. మరొకరి ప్రయోజనం కాపాడేందుకు సదుద్దేశంతో చెప్పిన మాట పరువునష్టం నేరం కాదు. ఒకప్పటి ఐపీసీ 499వ సెక్షన్‌లోని ఈ మినహాయింపు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది. కక్షతో కల్పించి చెప్పినవాడికి మాత్రం రెండేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇంగ్లండులోనైతే, పాత యజమాని అజాగ్రత్తగా రాసిచ్చిన రిపోర్టు వల్ల నష్టపోయిన ఉద్యోగి పరిహారం కోరవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 1994లోనే తీర్పు చెప్పింది.

ఇక ఉద్యోగి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాచి, అనుభవ పత్రం ఇవ్వకుండా తిప్పుకునే యజమానుల సంగతి. ఆ కాగితాలు మన ఆస్తి కావు, అమానత్. అమానత్ దాని హక్కుదారుకు అప్పగించి తీరాలి. మానేసినవాడిపై ఫిర్యాదు ఉంటే దానికి వేరే దారులున్నాయి. అతని రోజీకి అడ్డుపడటం దారి కాదు.

నిజాన్ని పెంచకుండా, తుంచకుండా పలికే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.