గ్రీన్ టీ... భోజనం కాగానే తాగుతున్నారా?

టీ పొడి, పంచదార డబ్బాల పక్కన ఇప్పుడు చాలా ఇళ్లలో గ్రీన్ టీ ప్యాకెట్టూ చేరింది. సుగరున్న నాన్నగారికొక కప్పు, బరువు తగ్గాలనుకునే అమ్మాయికొక కప్పు, వాళ్లకోసం కలుపుతూ పనిలో పనిగా అమ్మకూ ఒకటి. అలవాటు మంచిదే. అయితే ఎంత తాగుతున్నామన్నదే కాదు, ఎప్పుడు తాగుతున్నామన్నదీ చూసుకోవాలి. ముఖ్యంగా ఇంట్లోని ఆడవాళ్లు.

ఆకు ఒకటే, తీరు వేరు
గ్రీన్ టీకి వేరే మొక్కంటూ లేదు. మామూలు టీ పొడి వచ్చే మొక్క నుంచే ఇదీ వస్తుంది. కోసిన ఆకును నలిపి, గాలి తగిలేలా ఉంచి నల్లబడనిస్తే మామూలు టీ. అలా నల్లబడకుండా ముందే ఆవిరి పట్టో, పెనం మీద వేడిచేసో ఆరబెడితే గ్రీన్ టీ. అందుకే ఇందులో కెటచిన్లు అనే పదార్థాలు ఎక్కువగా మిగులుతాయి. గ్రీన్ టీకి వచ్చిన పేరంతా చాలావరకు వీటివల్లే.

మేలు ఎంత?
జపాన్‌లో 40 వేల మందికి పైగా పెద్దలను ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 2006లో ప్రచురించారు. ఒక కప్పు కన్నా తక్కువ తాగేవారితో పోలిస్తే, రోజుకు ఐదు కప్పులు, ఆపైన తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తక్కువగా ఉన్నాయి. క్యాన్సర్ మరణాల్లో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. పైగా వాళ్ల తిండి, నడక, మిగతా అలవాట్లు కూడా ఇందులో కలిసే ఉంటాయి. కాబట్టి ఘనతంతా టీదే అనలేం.

మరి బరువు సంగతి? అప్పటివరకూ జరిగిన పరీక్షలన్నిటినీ 2012లో ఒకచోట చేర్చి చూస్తే, గ్రీన్ టీతో తగ్గే బరువు లెక్కలోకి తీసుకోదగినంత లేదని తేలింది. మనకు అసలు లాభం మరోచోట ఉంది. రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాల పంచదారతో పాల టీ తాగే మనిషి దాని బదులు చప్పటి గ్రీన్ టీకి మారితే, చెంచాకు 4 గ్రాముల చొప్పున 24 గ్రాముల పంచదార తగ్గినట్లే. అందులో రెండు చెంచాల తేనె పోశారో, ఆ లాభమూ పోయినట్లే!

అన్నం తినగానే వద్దు
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి మించి. పప్పు, ఆకుకూరలు, రాగులు, బెల్లం వంటి వాటిలో ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. టీలోని పదార్థాలు ఆ ఇనుముతో కలిసిపోయి, పట్టేదాన్ని కూడా తగ్గించేస్తాయి. తోటకూర పప్పుతో అన్నం తిని, చెయ్యి కడుక్కోగానే గ్రీన్ టీ తాగితే, తిన్నదాంట్లో కొంత వృథా చేసుకున్నట్లే. మామూలు టీకీ ఇదే వర్తిస్తుంది.

అందుకని టీ మానేయక్కర్లేదు. టిఫినుకైనా, భోజనానికైనా కనీసం గంట ఎడం ఉంచండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఐరన్ మాత్రను టీతో ఎప్పుడూ మింగొద్దు. నెలల తరబడి మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే, టీ ఎప్పుడెప్పుడు తాగుతున్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అసలు కారణం వేరే కూడా ఉండొచ్చు, అది ఆయన చూస్తారు.

ఇలా కలుపుకోండి
మామూలు టీలా ఆకును మరిగించకండి, చేదెక్కుతుంది. నీళ్లు మరిగాక దించి, మూడు నాలుగు నిమిషాలు ఆగి, అప్పుడు ఆకు వేసి రెండు మూడు నిమిషాలకు వడకట్టండి. కాలిపోయే వేడి మీద తాగొద్దు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. రోజుకు రెండు మూడు కప్పులు చాలు. పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. ఇందులోనూ కెఫీన్ ఉంటుంది కనుక నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం తర్వాత మానుకోవాలి.

వీళ్లు జాగ్రత్త
గర్భిణులు కాఫీ, టీ, గ్రీన్ టీ అన్నీ కలిపి కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. గ్రీన్ టీ కప్పులో సుమారు 30 ఉంటే, కాఫీలో దానికి రెండు మూడు రెట్లు ఉండొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా గ్రీన్ టీ మోతాదు ఒక్కసారిగా పెంచకూడదు. నాడోలాల్ అనే బీపీ మందు గ్రీన్ టీతో తీసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.

అన్నిటికన్నా ముఖ్యం... కప్పు వేరు, గుళిక వేరు. బరువు తగ్గడానికంటూ అమ్మే గ్రీన్ టీ గుళికల్లో దాని సారం చిక్కగా ఉంటుంది. వీటివల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. గ్రీన్ టీలోని ముఖ్యమైన కెటచిన్‌ను గుళికల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకుంటే కాలేయానికి ఇబ్బందేనని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మామూలుగా కాచుకుని తాగే టీతో సాధారణంగా ఆ భయం లేదంది. గుళికలు వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి డాక్టరును కలవండి.

నాలుగింటికి, కడుపు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ లేని వేళ, పంచదార లేకుండా ఓ కప్పు. గ్రీన్ టీకి అంతకన్నా మంచి ముహూర్తం అక్కర్లేదు.