కంటికి కాపుదల

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో నేడు పనిముట్టు విరిగిన రైతు కమ్మరి కొలిమికి పోవుట అరుదు. వెల్డింగు కొట్టునకు పోవుచున్నాడు. ట్రాక్టరు ట్రాలీయు, దమ్ము చక్రమును, గొర్రును అచ్చటనే అతుకు పడుచున్నవి. నాట్లు ముంచుకొని వచ్చిన దినములలో అతుకు వేయువానికి గాని, ఇనుము పట్టి నిలిచిన రైతునకు గాని, వింత చూచు బాలురకు గాని కంటిమాట జ్ఞప్తికి రాదు.

చట్టము లేదా యని కొందరడుగుదురు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 35వ సెక్షనునందు కంటికి అపాయము గల పనులకు తెరలో, తగిన అద్దములో ఉండవలెనని నియమింప ప్రభుత్వమునకు అధికార మిచ్చినది. కాని యంత్రశక్తి గలచోట పదిమంది పనివారున్నగాని సామాన్యముగా అది ఫ్యాక్టరీ కాదు. 2020 నాటి కోడు ఆ పదిని ఇరువది చేసినది. ఇద్దరు ముగ్గురు పనిచేయు మన కొట్టు అప్పుడును గడప వెలుపలనే; ఇప్పుడు మరికొంత దూరము. కావున కాపుదల మన చేతిలోనిదే.

వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణములు నల్లగ్రుడ్డు పైపొరను కాల్చును. నొప్పి అప్పుడు తెలియదు. కొన్ని గంటలకు, తరచు రాత్రివేళ, ఇసుక పోసినట్లు మంట పుట్టును. ఇది సామాన్యముగా ఒకటి రెండు దినములలో మానును. చలువ అద్దములు దీనికి చాలవు. సాధారణముగా 10 మొదలు 12 నంబరు నల్లద్దపు ముసుగు కావలెను. చిట్టెము కొట్టునపుడును, గ్రైండరు పట్టునపుడును తెల్లని రక్షణ అద్దములు తప్పవు.

అంతకన్న భయంకరమైనది నలుసు. ఇనుపరవ్వ గాని, వరిగింజ మొన గాని నల్లగ్రుడ్డుపై గీత గీసినచో అది చీముపట్టి పుండు కావచ్చును. మానినను పువ్వు మిగులును. నేపాళమునందలి భక్తపూరులో జరిగిన పరిశీలన 2001లో ప్రకటితమైనది. గీతపడిన కంటికి గ్రామ కార్యకర్తలే క్లోరాంఫెనికాల్ లేపనము మూడు దినములు వేసిరి. 18 గంటలలోపల వచ్చిన 284 మందిలో ఒక్కరికిని పుండు కాలేదు. ఒక దినము దాటి వచ్చిన 49 మందిలో 14 మందికి అయినది. గాయముకన్న జాగే కన్ను తీయుచున్నది.

కావున కన్ను నలుపరాదు. అగ్గిపుల్లతో, కొంగుతో నలుసు తీయింపరాదు. చనుబాలు, ఆకుపసరు పోయరాదు. వైద్యుడు చెప్పక స్టెరాయిడు చుక్కలు వేయుట పుండునకు ఎరువు వేయుటయే. ఇనుపముక్క లోనికి దిగినచో కడుగక, నొక్కక, కాగితపు గ్లాసు అడ్డుపెట్టి ఆ గడియనే వరంగల్లు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి చేర్పవలెను.

పఠనాలయములకు వచ్చు సోదరులు దీనిని చదువురాని వారికి చదివి వినిపింతురు గాక. రైతు లొక్క కట్టుబాటు చేసికొన్న చాలును: పనివానికి ముసుగు, చుట్టును తెర లేని కొట్టునకు ఇనుము ఈయరాదు. ముసుగునకగు వెల నాలుగు అతుకుల కూలిలో తీరును; పోయిన కంటికి వెల కట్టగల న్యాయస్థానము లేదు.