కడుపు కడిగి పంపితే వైద్యం అయిపోయినట్టేనా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు ఈ కేసు కొత్త కాదు. కొల్లేరు లంక ఊరి నుంచి 108లో ఒక కుర్రవాణ్ణి తెస్తారు. "ఏం తాగాడు?" అని నర్సు అడిగితే, వెంట వచ్చిన అన్న "పురుగుల మందండీ, చీకట్లో మంచినీళ్లనుకుని పొరపాటున తాగేశాడు" అంటాడు. కడుపు కడుగుతారు, సెలైన్ ఎక్కిస్తారు, ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) రిజిస్టరులో రాసి పోలీసు ఔట్‌పోస్టుకు కబురు పెడతారు. నాలుగు రోజులకు "గండం గడిచింది, తీసుకెళ్లండి" అంటారు. ఈ నాలుగు రోజుల్లో "బాబూ, చచ్చిపోదామనే తాగావా? ఇప్పుడూ అలాగే అనిపిస్తోందా?" అని అతన్ని అడిగినవాళ్లు ఉండరు.

అడగకపోవడమే మంచిదని నమ్మేవాళ్లు చాలామంది. ప్రాణం నిలబెట్టడం వరకే మా పని, మనసు సంగతి సైకియాట్రీ వాళ్లది అంటారు వైద్యులు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరి అనుమానం. కేసవుతుందని, పరువు పోతుందని ఇంట్లోవాళ్ల భయం. చావాలనుకున్నవాణ్ణి ఎవరు ఆపగలరని ఊరి మాట. ఇవన్నీ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్యాజువాల్టీలో బీపీ చూడడం ఎంత విధో, ఆ ప్రశ్న అడగడమూ అంతే విధి.

కేసు భయం సంగతి ముందు తేల్చేద్దాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. కాదని రుజువైతే తప్ప విచారణా ఉండదు, శిక్షా ఉండదు. ఆ మనిషికి చికిత్స, పునరావాసం కల్పించి, మళ్లీ ప్రయత్నించే ప్రమాదాన్ని తగ్గించే బాధ్యతను అదే సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1న ఐపీసీతో పాటు 309వ సెక్షనూ పోయింది. భారతీయ న్యాయ సంహిత 226వ సెక్షన్ వర్తించేది ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లకు మాత్రమే. అప్పుల బాధ తట్టుకోలేక మందు తాగిన చేపల చెరువు కౌలుదారుకు దానితో సంబంధం లేదు. అయినా కేస్ షీటులో "పొరపాటున" అనే రాయిస్తున్నారు. ఆ ఒక్క మాటతో సైకియాట్రీకి పంపే దారి మూసుకుపోతుంది. మళ్లీ తాగి వస్తే, అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఇది రెండోసారని తెలిసే వీలుండదు. ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరు ఏడాదిలోపే మళ్లీ ప్రయత్నిస్తారని పాశ్చాత్య దేశాల పరిశోధనలు చెబుతున్నాయి.

అడిగితే ఆలోచన పుడుతుందన్న మాటకు ఆధారం లేదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా పరిశోధకులు న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లలు రెండు వేల పైచిలుకు మందితో ఈ సంగతే పరీక్షించారు. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లల కంటే ఆ ఆలోచన పెరగలేదు. కుంగుబాటులో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కాస్త ఊరట దొరికినట్టే కనబడింది.

ఇక "ఎవరు ఆపగలరు?" అన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో, అయిదు చోట్ల చేయించిన అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆ అయిదింటిలో మన పొరుగునున్న చెన్నై ఒకటి. ఆత్మహత్యకు ప్రయత్నించి అత్యవసర విభాగాలకు వచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎప్పటిలాగే వైద్యం చేసి పంపించారు. రెండో గుంపులో ఒక్కొక్కరితో ఇంటికి పంపేముందు సుమారు గంటసేపు కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో పలకరించారు. 18 నెలలు తిరిగేసరికి మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు, రెండో గుంపులో 0.2 శాతం. వాడిన కొత్త మందు లేదు, కొన్న యంత్రం లేదు. ఈ అంకెలు చూశాక కూడా "ఎవరు ఆపగలరు" అనడం నా దృష్టిలో బాధ్యత తప్పించుకోవడమే.

వైద్యులు లేవనెత్తే అభ్యంతరాల్లో ఒకటి మాత్రం బలమైనది: అడిగి ఊరుకుంటే ఏం ఒరుగుతుంది? నిజమే, ఏమీ ఒరగదు. అమెరికాలో ఎనిమిది అత్యవసర విభాగాల్లో జరిగిన ఈడీ-సేఫ్ అధ్యయనం ఆ మాటే తేల్చింది. వచ్చిన ప్రతి రోగినీ అడగడం మొదలుపెట్టాక ప్రమాదంలో ఉన్నవాళ్లు దాదాపు రెట్టింపు మంది బయటపడ్డారు గానీ, అంతమాత్రాన తర్వాతి ప్రయత్నాలు తగ్గలేదు. ప్రశ్నకు జాగ్రత్తల ప్రణాళికా, ఇంటికెళ్లాక ఫోన్ పలకరింపులూ తోడయ్యాకే తగ్గాయి. దీన్నిబట్టి ప్రశ్న మానేయాలని కాదు, ప్రశ్న వెనక ఫోను కూడా ఉండాలని తేలుతోంది.

కొల్లేరు సీమలో ఆ ఫోను మరీ ముఖ్యం. ఆక్సిజన్ పడిపోయిన ఒక్క రాత్రిలో చెరువులో చేపంతా తేలిపోతుంది. ఎకరాల లెక్కన కట్టిన కౌలు, మేత దుకాణంలో అరువు తెల్లారేసరికి మెడకు చుట్టుకుంటాయి. అలాంటి మనిషికి "సోమవారం ఏలూరు వచ్చి మానసిక వైద్యుణ్ణి కలవండి" అని చీటీ రాసిస్తే, వరద నీళ్లు చినయడ్లగాడి దగ్గర ఏలూరు రోడ్డెక్కిన రోజుల్లో ఎలా వస్తాడు? 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ మానసిక సహాయ నంబరు 14416 ఉంది, ఏ వేళైనా ఉచితంగా మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి చీటీ మీదా ఉండాల్సిందే. కానీ తెగించి కూర్చున్న మనిషి తానే ఫోన్ చేస్తాడని వదిలేయకూడదు, ఆసుపత్రే అతనికి చేయాలి. ఇంట్లో మిగిలిన పురుగుల మందు ఎక్కడుందో, దానికి తాళం ఎవరు వేస్తారో కూడా పంపేముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నదీ ముఖ్యమే. మంచానికి అటు అత్తగారు, ఇటు భర్త నిలబడి ఉంటే కోడలు "పొరపాటేనండీ" అనక ఏమంటుంది? కాసేపు వాళ్లను బయటికి పంపి, తెర లాగి, పక్కన కూర్చుని "అమ్మా, బతకాలని లేదా?" అని నెమ్మదిగా అడగాలి. మందు తాగి వచ్చినవాళ్లనే కాదు, గుండెదడ, నిద్ర పట్టడం లేదంటూ మళ్లీమళ్లీ వచ్చేవాళ్లనూ, పరీక్షల కాలంలో కళ్లు తిరిగి పడిపోయిన విద్యార్థులనూ అడగాలి.

రాత్రి ఒక్కడే డ్యూటీ డాక్టరు, తీరిక ఎక్కడిదంటారా? ఈ పని కోసం తయారు చేసిన నాలుగు ప్రశ్నల పట్టీలు ఉన్నాయి. శిక్షణ ఇస్తే స్టాఫ్ నర్సు ఒక్క నిమిషంలో అడగగలదు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, అయిదారు వందల మంది వచ్చి పడిన రోజుల్లోనూ ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని రోగులను అడిగారు, రక్తం, నీళ్లు, కూరగాయల నమూనాలు తీశారు. అడగాలని నిశ్చయించుకుంటే మన ఆసుపత్రులు అంత ఒత్తిడిలోనూ అడగగలవు.

ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వైద్య కళాశాల అంటే సైకియాట్రీ విభాగం ఉండి తీరాలి. తాడేపల్లిగూడెం, కైకలూరు ఆసుపత్రుల క్యాజువాల్టీలను ఆ విభాగంతో ఫోనులో కలపడానికి కొత్త భవనం అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో, కైకలూరు ఏలూరు జిల్లాలో పడ్డాయి కాబట్టి ఏ ఒక్క కలెక్టరు ఆదేశమూ రెండింటికీ చెల్లదు. ఉత్తర్వు రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ నుంచే రావాలి. అందులో ప్రశ్న ఎవరు అడగాలో, జవాబు ఎక్కడ రాయాలో, ఇంటికెళ్లిన వారంలో ఫోన్ ఎవరు చేయాలో పదవుల పేర్లతో సహా ఉండాలి.