నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?



మా ఇంట పాత పెట్రోలు అంబాసిడర్ కారు ఒకటి ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, మన ఊళ్లలో అక్కడక్కడ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మీలో కొందరి ఇండ్లలో అటువంటి పాత బండి ఉండవచ్చును గనుక, ఈ నెల మా పొరపాటు ఒకటి మీతో చెప్పుకుంటున్నాము.

గత వేసవిలో రేడియేటరులో నీళ్లు వారం వారం తగ్గుతూ వచ్చాయి. కింద ఒక్క చుక్క కూడా కారలేదు. "పాత బండి గదా" అనుకొని నెల రోజులు నీళ్లు పోస్తూ వచ్చాము. ఒకనాడు నరసాపురం నుండి భీమవరం పెండ్లికి వెళ్తుండగా, పాలకొల్లు దాటగానే బానెట్‌లోనుండి ఆవిరి లేచింది. బండి ఆపాము. మా చిన్నవాడు చేతిగుడ్డ పట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాడు. వాడి చెయ్యి పట్టి వెనక్కి లాగాము. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికే చిమ్ముతాయి. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చును.

మా బండిలో పోయినది హెడ్ గాస్కెట్. ఇంజను బ్లాకుకు, దానిపై హెడ్‌కు మధ్య బిగించే పలుచని పొర ఇది. మంటను సిలిండరులోను, నీటిని, ఆయిలును వాటి వాటి దారుల్లోను ఉంచడం దీని పని. ఇది కాలితే ఒకటి మరొకదానిలోకి పోతుంది.

గుర్తులు ఇవి: కారకుండానే నీళ్లు తగ్గడం, ఇంజను వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరునుండి తెల్లపొగ ఆగకపోవడం, డిప్‌స్టిక్కు మీద ఆయిలు పాలు కలిసిన కాఫీలా కనబడటం. చల్లని ఇంజను మూత తీసి, స్టార్టు చేసి, కాస్త దూరంగా నిలబడి చూడండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే అనుమానం బలపడుతుంది. అయితే చలికాలం ఉదయాన కొద్దిసేపు తెల్లపొగ రావడం సహజమే. బండి వేడెక్కడానికి ఫ్యాను బెల్టు, థర్మోస్టాట్, పూడిపోయిన రేడియేటరు కూడా కారణం కావచ్చును. ముందు వాటిని చూపించండి. సిలిండర్లకు కంప్రెషన్ పరీక్ష చేయిస్తే సంగతి తేలుతుంది.

గాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకోకండి. హెడ్ వంగిందేమో, బీటలున్నాయేమో చూపించి, అవసరమైతే లేత్ షాపులో చదును చేయించాలి. బోల్టులను మధ్యనుండి చివరలకు, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. ఆయిలు మార్చాలి. వేడెక్కడానికి అసలు కారణం సరిచేయకపోతే కొత్త గాస్కెట్ కూడా కాలిపోతుంది.

ఒక మెకానిక్ మాతో, "ఇంత ఖర్చెందుకండీ? లీకు ఆగే పొడి వేసి అమ్మేయండి, నాలుగు వారాలు బాగానే నడుస్తుంది" అన్నాడు. ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకున్నాము. డబ్బు మాకూ ఇబ్బందే. కాని కొనేవారి పిల్లలు కూడా ఆ కారులోనే ఎక్కుతారు గదా! ఇంజను విప్పించాము. ఆ ఖర్చు కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది.

మీ బండిలో నీళ్లు తగ్గుతుంటే పోస్తూ కూర్చోకండి. ఎక్కడికి పోతున్నాయో ఈ వారమే చూపించండి.