వార్త వంటగదిలో ఉంది

గోడపత్రిక రాసే పిల్లలకు,

కర్నూలు, కడప జిల్లాల బళ్లలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ముసలి అయ్యవారు రాస్తున్న ఉత్తరం ఇది. ఇప్పటికీ ఏ హైస్కూలుకు పోయినా ముందు నా కళ్లు వరండా గోడమీది డ్రాయింగు షీటు కోసమే వెతుకుతాయి. అన్నీ ఒకటే మాదిరి. నడుమ దేశనాయకుడి బొమ్మ, ఓ మూల సూక్తి, ఇంకో మూల పొడుపుకథ, అడుగున పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్నవాళ్ల ఫోటోలు. దస్తూరీకి వంక పెట్టలేను. కానీ ఆ షీటు కోసిగిదో కాకినాడదో ఎవరూ చెప్పలేరు. పత్రిక అన్నాక ఆ బడికే చెందిన సంగతి ఒక్కటన్నా ఉండాలి గదా!

ఎక్కడ దొరుకుతుందంటారా? పొయ్యి దగ్గరికి పోండి.

మధ్యాహ్న భోజన పథకంలో మీ తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం. 300 మంది తినే బడిలో రోజుకు 45 కిలోలు. వండేవాళ్లు ఎందరు ఉండాలో కూడా నిబంధన ఉంది. మొదటి 25 మందికి ఒకరు, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి 100 మందికి ఇంకొకరు. అంటే నలుగురు. బియ్యం కడిగి, కూర తరిగి, గుడ్లు ఉడకబెట్టి, గంట కొట్టే వేళకు అంతా సిద్ధం చేసేది ఆ నలుగురే. రాగిజావ ఉండే రోజుల్లో ఇంకా పెందలాడే పొయ్యి ముట్టించాలి. ఇంత చాకిరీకి కేంద్రం 2009లో కట్టిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది. బిల్లు ఆలస్యమైతే కూరగాయలు, నూనె అంగడిలో అప్పు పెట్టి తెచ్చేదీ వాళ్లే.

2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లందరికీ వండిపెట్టి 1909లో కన్నుమూసిన ఇల్లాలు ఆమె. తగిన పేరే, నాకేం అభ్యంతరం లేదు. మరి మీ బడిలో గరిటె పట్టిన ఆమె పేరేమిటి? మీలో ఎందరికి తెలుసు?

ఇక అసలు వార్త. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పిల్లలకు సుగ్గి వలసల సంగతి నేను చెప్పేదేముంది? ఇక్కడ పనులు అయిపోగానే గుంటూరు మిరప కోతలకు ఇళ్లకు ఇళ్లే తాళాలు పడతాయి. కొందరు పిల్లల్నీ వెంటబెట్టుకుపోతారు. అది ఆపాలనే సర్కారు సీజనల్ హాస్టళ్లు పెట్టింది. ఎవరు పోయారో అయ్యవార్లకు హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. వంటామెకు పట్టీ అక్కర్లేదు, నిన్న చాలిన అన్నం ఈరోజు మిగిలితే చాలు. ఈ ఏడు అన్నం ఏ వారంలో మిగలడం మొదలైంది? మళ్లీ ఏ వారానికి సరిపోయింది? రోజూ ఎంతమంది తిన్నారో హెడ్‌మాస్టరు గారు యాప్‌లో ఎక్కిస్తారు. ఆయన్ను అడిగి, జూన్ నుంచి ఏప్రిల్ దాకా వారం వారం లెక్క తీసుకుని గ్రాఫు కాగితం మీద గీత గీయండి. గీత కింద మీ ఊరి వాన ఎప్పుడు పడిందో, పంట ఎప్పుడు ఎండిందో రాయండి. ఏ దినపత్రిక విలేకరికీ దొరకని వార్త అది. లెక్కల అయ్యవారు కూడా సంతోషిస్తారు.

మరుగుదొడ్లు కడిగే ఆయా దగ్గర ఇంకో వార్త ఉంది. 2025లో తల్లికి వందనం పథకం సొమ్ము వచ్చినప్పుడు, ఒక్కో బిడ్డకు 15,000 అన్న చోట అమ్మ ఖాతాలో 13,000 పడ్డాయి. తక్కిన 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల నిర్వహణకు. ఆయాలకు నెలకు 6,000 చొప్పున ఇవ్వడం మొదలైంది ఇలాంటి నిధితోనే. మీ అమ్మల పేర వచ్చిన సొమ్ము అది, కాబట్టి అడిగే హక్కు మీకుంది. ఎండాకాలం బోరు అడుగంటితే ఆమె నీళ్లు ఎక్కడినుంచి మోస్తుందో ఆడపిల్లలే రాయాలి. ఆ ఇబ్బంది మగపిల్లలకు సగమే తెలుసు.

అటెండరు, రాత్రి కాపలాదారు సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు. అటెండరు లేక పిల్లలే గంట కొడుతుంటే అదీ వార్తే.

ఒక్క మాట. వీళ్లను త్యాగమూర్తులనీ, కనిపించని దేవతలనీ రాయకండి. కడపలో 1968లో ‘సంవేదన’ పత్రిక నడిపిన రారా, అదే రాచమల్లు రామచంద్రారెడ్డి, ఎంత పెద్ద రచయితనైనా మొహమాటపడకుండా విమర్శించినవాడు. ఆయన తిరిగిన ఊళ్లలో ఉత్త పొగడ్తలు చదవడం నాకు కష్టంగా ఉంటుంది. ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని కిలోలు వండింది, వేతనం ఏ తేదీన పడింది? ఇవి రాస్తే చాలు.

1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘స్వరాజ్య’ పత్రికకు సంపాదకుడుగా ఉంటూ, అందులో వచ్చిన వ్యాసానికి 1908లో జైలుకు పోయాడు. పత్రిక ఆయనది, శిక్షా ఆయనదే. మీ విషయం అట్లా కాదు. గుడ్లు చిన్నవి వస్తున్నాయని వంటామె చెప్పిందనుకోండి. మీరు రాస్తే మిమ్మల్ని మందలించి వదిలేస్తారు, ఆమెను పనిలోంచి మాన్పిస్తారు. ఆమెది గట్టి ఉద్యోగం కాదు. అందుకే అంకెలకు కాగితాన్నీ, హెడ్‌మాస్టరు గారినీ అడగండి. ఆమెను ఆమె పని గురించే అడగండి. అతికించే ముందు రాసిందంతా చదివి వినిపించండి. పేరు వేయమంటే వేయండి, వద్దంటే మానేయండి. ఆమె తీసేయమన్న వాక్యం మీకెంత ముద్దొచ్చినా తీసేయండి.

సుగ్గి గీత గీసిన బడివాళ్లు నాకో నకలు ఇవ్వండి. సాయంత్రాలు కడప బ్రౌన్ గ్రంథాలయంలో ఉంటాను, అక్కడికి తెచ్చినా సరే.

మీ
తెలుగు అయ్యవారు