పాసుపుస్తకంలో లేని రైతు

2018 మే 10న తెలంగాణలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000. అప్పు కోసం వ్యాపారి గుమ్మం తొక్కకుండా విత్తనాలు కొనుక్కునే వీలు కొందరికైనా కలిగింది. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. అయితే ఈ డబ్బు వ్యవసాయం చేసినందుకు ఇచ్చింది కాదు, భూమి ఉన్నందుకు ఇచ్చింది. ఆ తేడా దగ్గరే స్త్రీలు జారిపోయారు.

రైతుబంధుకు భూపరిమితి పెట్టలేదు. ఇరవై ఎకరాల పట్టా ఉండి పట్నంలో కాపురముంటున్న ఆసామికి ఏడాదికి రెండు లక్షలు అందేది. అదే భూమిలో మూడెకరాలు కౌలుకు చేసే మనిషికి ఒక్క రూపాయి రాదు, పైగా కౌలు కట్టాలి. 2023 ఎన్నికల్లో కౌలుదార్లకు కూడా ఇస్తామన్నారు. 2025లో డబ్బు పడింది మాత్రం మళ్ళీ పట్టాదార్లకే.

ఇక స్త్రీల సంగతి. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, పశువుల చాకిరీ ఎవరు చేస్తారో మన పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల పేరున ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే. మన రాష్ట్రంలో 1985 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ కూతుళ్ళకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చాయి. ఊళ్ళో మాత్రం కట్నం ఇచ్చాం కదా అంటారు, లేదా అన్నదమ్ములతో చెడగొట్టుకోకమ్మా అంటూ సంతకం పెట్టించుకుంటారు. (పొదుపు సంఘం అప్పు మాత్రం ఆమె పేరుమీదే ఉంటుంది. ఆ కాగితం మీద ఆమె పేరు రాయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు!)

నన్ను ఎక్కువగా కలచివేసేది రైతుబీమా. 2018 ఆగస్టు నుంచి, 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. కానీ భూమి భర్త పేరున ఉంటే, అతను పోయినప్పుడు ఆమె నామినీ. అదే చేలో కలుపు తీస్తూ పాము కరిచి ఆమే పోతే? ఆ పథకం లెక్కలో అక్కడ రైతెవరూ చనిపోలేదు.

పట్టా ఒక్కటే తేలిగ్గా సరిచూసుకోగల ఆధారం, మిగతావన్నీ వివాదాలు తెస్తాయని అధికారులంటారు. ఇబ్బంది నిజమే. అయితే 2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను కూడా రైతులుగానే నిర్వచించింది. నిర్వచనం కాగితం మీద ఉండగా డబ్బు పంచేటప్పుడు దాన్ని పక్కన పెట్టడం పరిపాలనా సౌలభ్యం కాదు, ఎంపిక. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సాగుదారుకు కార్డు ఇస్తామంది, కానీ భూయజమాని ఒప్పుకోవాలంది. యజమాని ఎందుకు ఒప్పుకుంటాడు?

కాబట్టి మనం అడగాల్సింది ఎకరానికి మరో వెయ్యి కాదు. యజమాని సంతకంతో పని లేకుండా ప్రతి పంటకాలం గ్రామసభలో సాగుదార్ల జాబితా చదవాలి, స్త్రీల పేర్లు విడిగా రాయాలి. దంపతుల ఉమ్మడి పట్టాకు రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వం భరించాలి. బీమాకు పాసుపుస్తకం కాక పని ఆధారం కావాలి. వచ్చే వానాకాలం లోపు మీ మండలంలో రైతు భరోసా జాబితా తీసుకుని అందులో స్త్రీల పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి మాకు రాయండి.