పాచి నీటిలో, పాపము నేలమీద

ఎంతటి మురికినైనను సముద్రము తనలో కలుపుకొని శుద్ధి చేయగలదని మనలో పలువురి విశ్వాసము. కాలువ కడలిలో కలిసినంతనే మన బాధ్యత తీరినదని తలచుచున్నాము. ఇది ఎంత పొరపాటో తీరజలములలో పెరుగు పాచియే తెలుపుచున్నది.

శైవలములు స్వతః మనకు శత్రువులు కావు. భూమిపై ఏటేటా వెలువడు ప్రాణవాయువులో దాదాపు సగము సముద్రములోని సూక్ష్మశైవలాదుల చలవయే. చేపలకు మూలాహారమును అవియే. కీడంతయు మితము తప్పుటలో ఉన్నది.

పైరు గ్రహింపగా మిగిలిన నత్రజని, భాస్వరము వాననీటితో నదులలో చేరును. పట్టణముల మురుగు, రొయ్యల చెరువుల వ్యర్థజలము వాటికి తోడగును. ఎరువు పైరునకెట్లో పాచికిని అట్లే. ఎండయు, నిలకడ నీరును దొరికినచో కొద్ది దినములలోనే అది నీటిని కప్పివేయును. వెలుతురు అందక అడుగునున్న సముద్రపు గడ్డి నశించును. పాచి చచ్చి అడుగునకు చేరగా, దానిని కుళ్లజేయు బాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును హరించును. లీటరు నీటిలో అది 2 మిల్లీగ్రాములకన్న తగ్గినచో చేపలు పారిపోవును. కదలలేని జీవులు చచ్చును. కొన్ని జాతులు విషమును గూడ పుట్టించును. ఆ విషము చేరిన ఆల్చిప్పల మాంసమును ఎంత వండినను అది పోదు.

ఇది దూరదేశముల కథ మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో తమిళనాడు తీరమున మన్నారు సింధుశాఖలో నాక్టిల్యూకా అను సూక్ష్మజీవి విజృంభించి నీరు ఆకుపచ్చగా మారినది. చచ్చిన చేపలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. పగడపు దిబ్బలు దెబ్బతిన్నవి. ఇట్టి విజృంభణలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహముల సాయమున కనిపెట్టుచున్నది. ఆ సంస్థ గుర్తించిన ప్రమాద స్థలములలో శ్రీకాకుళమునకు ఎగువనున్న గోపాలపురము తీరమును ఒకటి.

పాచిని ఎత్తి పారవేసిన చాలదా యని కొందరందురు. 2008 ఒలింపిక్ తెరచాప పందెములకు ముందు చైనాలోని చింగ్‌దావ్ నగరమున పది లక్షల టన్నులకు పైగా పాచిని తొలగించిరి. అయినను తరువాతి వేసవులలో అది మరల మరల వచ్చినది. అమెరికాలోని టాంపా అఖాతమున మరియొక మార్గము త్రొక్కిరి. 1979లో మురుగుశుద్ధి కేంద్రమును మెరుగుపరచి నత్రజనిని అక్కడనే అరికట్టిరి. నీరు తేటపడినది. 2015 నాటికి సముద్రపు గడ్డి 1950ల నాటి విస్తీర్ణమును అందుకొన్నది. తరువాత అది కొంత తగ్గుట, జాగరూకత సడలరాదను పాఠమును నేర్పుచున్నది.

ఎరువు లేనిదే అన్నము లేదనుట నిజమే. మేము రైతును నిందించుట లేదు. భూసార పరీక్ష జరిపించి తగినంతయే వేయుట అతనికిని లాభమే. మురుగుశుద్ధి కేంద్రములు దుర్గంధమును పోగొట్టిన చాలదు. నత్రజని, భాస్వరములను గూడ తీసివేయవలెను. రొయ్యల చెరువుల నీటిని తేర్చి శుద్ధిపరచిన పిదపనే విడువవలెను. కోరంగి వంటి మడ అడవులను కాపాడవలెను; ఈ పోషకములను కొంతవరకు పట్టి నిలుపునవి అవియే.

పాచికి మేత వేయువారు ఒకరు, నష్టమును భరించువారు వేరొకరు. నగరవాసి విడిచిన మురుగునకు మూల్యము చెల్లించునది వల ఖాళీగా లాగుకొను బెస్తవాడు. ఈ అన్యాయమే మమ్ము మిక్కిలి కలవరపెట్టుచున్నది.

విద్యార్థులారా, నీటిలో నైట్రేటును పరీక్షించుట మన ప్రయోగశాలకు అసాధ్యము కాదు. మీ ఊరి కాలువనీటిని నెలకొకమారు తెచ్చి పరీక్షింపుడు. కళాశాల కమిటీ పెద్దలు ఇందుకగు స్వల్ప వ్యయమును మంజూరు చేయవలెనని మా మనవి. ఆ లెక్కలు రాబోవు సంచికలో అచ్చుపడినచో, అవి మా ఈ వ్యాసముకన్న ఎక్కువ మేలు చేయగలవు.